జపాన్ బడిలో పాతదేది, కొత్తదేది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో జపాన్ బడుల గురించి చిన్న జవాబు ఒకటి ఇచ్చాం. దానికి వచ్చినన్ని ప్రశ్నలు ఈ మధ్య దేనికీ రాలేదు, అందుకని ఈసారి పేజీలన్నీ దానికే. ప్రశ్నలు కాస్త కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: జపాన్ పిల్లలు తమ బడిని తామే ఊడ్చి తుడుచుకునే వీడియో మా స్టాఫ్ గ్రూపులో తిరిగింది. మేమూ మొదలుపెడదామనుకుంటే తల్లిదండ్రులు గొడవకొచ్చారు. ఇది వాళ్లకు ఎప్పటి ఆచారం? అక్కడ నడిచేది ఇక్కడ ఎందుకు నడవదు?
– జిల్లా పరిషత్ ఉపాధ్యాయిని, ఏలూరు

జవాబు: టీచర్ గారూ, ముందు ఒక మాట. తల్లిదండ్రుల గొడవను తేలిగ్గా తీసుకోకండి, దానికి గట్టి కారణమే ఉంది, అక్కడికి వస్తాను.

ఆచారం పాతదే. బౌద్ధ మఠాల్లో, ముఖ్యంగా జెన్ మఠాల్లో, నేల తుడవడం, వాకిలి ఊడవడం ధ్యానంతో సమానమైన సాధన. కొత్తగా చేరిన కుర్రాడే కాదు, పెద్ద గురువు కూడా చీపురు పడతాడు. ఆ అలవాటే చదువు చెప్పే చోట్లకూ వచ్చింది, ఇప్పటి ప్రభుత్వ బడిలో టైంటేబుల్లోకి ఎక్కింది. చాలా బడుల్లో మధ్యాహ్నం భోజనం అయ్యాక పావుగంట, ఇరవై నిమిషాలు దానికే. బల్లలన్నీ గది వెనక్కి జరుపుతారు, పిల్లలు తడిగుడ్డను రెండు చేతులతో నేలకు అదిమి, నడుము వంచి, ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా పరుగు తీస్తారు. ఈ వారం మెట్లు తుడిచిన జట్టుకు వచ్చే వారం నడవా, ఆ పై వారం చెప్పుల అరలు. టీచరు కూడా గుడ్డ పట్టుకుంటుంది. నన్నడిగితే ఆ వీడియోలో చూడాల్సింది పిల్లల్ని కాదు, ఆ టీచర్ని.

మన దగ్గర చీపురుకు కులం ఉంది. బడి మరుగుదొడ్లు దళిత పిల్లల చేత కడిగించారన్న వార్త దేశంలో ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంటుంది, క్లాసు ఊడ్చే పని ఎప్పుడూ ఆడపిల్లలకే పడుతుంది. కాబట్టి 'మా పిల్లలతో పని చేయిస్తారా' అని అడిగిన తల్లికి తన అనుభవం ఉంది, వాళ్ల అమ్మమ్మ అనుభవం ఉంది. మీరు నిజంగా మొదలుపెట్టాలనుకుంటే మరుగుదొడ్ల జోలికి పోకండి, అది జీతం తీసుకునే ఆయమ్మ పని. తరగతి గది ఒక్కటే తీసుకోండి. మగపిల్లలు, ఆడపిల్లలు, అన్ని వాడల పిల్లలు వంతులవారీగా ఉండేలా పేర్లు రాసి గోడకు అంటించండి, సోమవారం మొదటి పేరు మీదీ హెడ్మాస్టరు గారిదీ ఉండాలి. తల్లిదండ్రుల్ని పిలిచి ఆ కాగితం చూపించండి. ఆ తర్వాత కూడా వద్దంటే వద్దనే ఊరుకోండి.

ప్రశ్న: మా చిన్నప్పుడు తాతగారు వీధిబడి గురించి చెప్పేవారు. జపాన్‌లోనూ అలాంటివి ఉండేవని చదివాను. వాటికీ మన వాటికీ పోలిక ఉందా? వాళ్లవి ఏమయ్యాయి, మనవి ఏమయ్యాయి?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: ఉండేవి మాస్టారూ. వాటిని తెరకోయాలు అనేవారు. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా షోగున్లనే సైనిక పాలకుల ఏలుబడి సాగిన రోజుల్లో, మామూలు జనం పిల్లలు చదువుకున్నది వాటిలోనే. పెట్టమని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. ఊళ్లో ఒక భిక్షువో, కొలువు లేని సమురాయో, వైద్యుడో, గ్రామ పెద్దో తన ఇంట్లోనో గుడిలోనో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే అదే బడి. ఎడో నగరంలో (ఇప్పటి టోక్యో) ఆడవాళ్లు నడిపిన బడులూ ఉన్నాయి. ఫీజు కొందరు డబ్బుగా ఇచ్చేవారు, కొందరు బియ్యంగా, పండగలకు ఏదో ఒక కానుక. 1868లో షోగున్లను దించి చక్రవర్తి పేరుతో వచ్చిన మెయిజీ ప్రభుత్వం పోగుచేయించిన జాబితాలోనే ఇలాంటివి 15 వేలకు పైగా తేలాయి.

ఆనాటి బొమ్మల్లో ఆ గది కనిపిస్తుంది. చాపల మీద పొట్టి బల్లలు, సిరా, కుంచె. కాగితం ఖరీదు కాబట్టి రాసిన కాగితం మీదే మళ్లీ మళ్లీ రాసి, చివరికి అది మొత్తం నల్లగా అయిపోయేది. బల్లలు వరసలో ఉండవు, ఒకడు ఇటు తిరిగి ఉంటే ఇంకొకడు అటు, మూల ఇద్దరు కొట్టుకుంటూ ఉంటారు, గురువు ఒక్కొక్కర్ని దగ్గరకు పిలిచి వాడి పాఠం వాడికి చెబుతూ ఉంటాడు. వ్యాపారి కొడుక్కి సరుకుల పేర్లు, లెక్కలు, సోరోబాన్ అనే పూసల చట్రం. రైతు బిడ్డకు పంటల పేర్లు, పనిముట్ల పేర్లు. వాచకాలన్నీ చాలావరకు ఉత్తరాల రూపంలో ఉండేవి, ఎందుకంటే పెద్దయ్యాక వాడు రాయాల్సింది ఉత్తరాలే కదా. ఏడాదికొక తరగతి లేదు, అందరికీ ఒకే పాఠం లేదు, ఎవరి వేగం వాళ్లది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కింద ఇంకో జవాబులో దీంతో పని పడుతుంది.

సమురాయ్‌ల పిల్లలకు వేరే బడులు. ఒక్కో సామంత రాజ్యానికి ఒకటి చొప్పున 200 పైచిలుకు ఉండేవి, అయిజు రాజ్యంలో 1803లో కట్టిన నిస్షిన్‌కన్ వాటిలో పేరుమోసింది. అక్కడ చైనా తత్వవేత్త కన్‌ఫ్యూషియస్ గ్రంథాలు, కత్తిసాము, పెద్దల ముందు ఎలా నిలబడాలో ఎలా వంగాలో నేర్పే నియమాలు. అంటే జపాన్‌కు ఒక సంప్రదాయం లేదు, రెండున్నాయి. తెరకోయా అనే పల్లె బడి ఒకటి, సమురాయ్‌ల కోట బడి ఒకటి.

ఇక మనవి. మీ జిల్లాతోనే మొదలుపెడతాను. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో ప్రతి కలెక్టర్నీ మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెంతమంది అని లెక్క అడిగాడు. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబులో వీధిబడి వివరంగా ఉంది: ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం, ఎక్కాలు బట్టీ పట్టడం. ఈ పెద్ద పిల్లల పద్ధతినే ఆండ్రూ బెల్ అనే ఆయన అంతకుముందే మద్రాసులో చూసి ఇంగ్లండుకు పట్టుకెళ్లి అక్కడ బడుల్లో పెట్టించాడు. మగ్గాలు మూలబడి జనం బీదబడటంతో పిల్లల్ని బడికి పంపలేకపోతున్నారని కూడా క్యాంప్‌బెల్ రాశాడు. మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు లెక్కకొచ్చాయి. వాటిలో ఆడపిల్లలు దాదాపు లేరు, అంటరానివాళ్లని పక్కనపెట్టిన కులాల పిల్లలకు వీధి అరుగు మీద చోటే లేదు, ఈ సంగతి దాచి వీధిబడిని పొగడటం నాకు ఇష్టం లేదు.

మన్రో వాటి మీద కొత్త బడులు కట్టాలనే అనుకున్నాడు, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. తర్వాత పథకం నీరుగారిపోయింది, 1835 నుంచి సర్కారు డబ్బు ఇంగ్లిష్ చదువు వైపు, పై చదువు వైపు మళ్లింది. జపాన్ సర్కారుకు కూడా తెరకోయాల మీద ప్రేమేమీ లేదు, వాటిని మూయించాలనే చూసింది. కానీ కొత్త బడికి గది కావాలన్నా టీచరు కావాలన్నా దొరికింది అక్కడే. అదే గుడి, అదే పంతులు, పైన కొత్త బోర్డు. మన దగ్గర పాతది ఎండిపోయింది, కొత్తది వేరేచోట మొలిచింది.

ప్రశ్న: జపాన్ బడిలో మధ్యాహ్న భోజనం కూడా పాత ఆచారమేనా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మరీ అంత పాతది కాదమ్మా. 1889లో యమగతా ప్రాంతంలోని త్సురుఒకా ఊళ్లో, ఒక బౌద్ధ గుడిలో నడిచే బడిలో, అన్నం తెచ్చుకోలేని పేద పిల్లలకు భిక్షువులు అన్నం ముద్దలు, కాల్చిన ఉప్పుచేప, ఊరగాయ పెట్టడంతో మొదలైంది. దేశమంతటికీ చట్టం వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1954లో. ఇప్పుడు పిల్లలే తెల్ల కోటు, టోపీ వేసుకుని వడ్డిస్తారు, టీచరు వాళ్ల మధ్యే కూర్చుని అదే అన్నం తింటుంది.

ప్రశ్న: మెయిజీ ప్రభుత్వం 1872లో ఒక్క చట్టంతో దేశమంతా బడులు పెట్టేసిందని మా కోచింగ్ నోట్సులో ఉంది. నిజంగా అంత సులువుగా అయిందా సర్?
– గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థి, కరీంనగర్

జవాబు: కాలేదు తమ్ముడూ. నోట్సులో ఒక్క లైను ఉన్నచోట ముప్పై ఏళ్ల గొడవ ఉంది.

1871లో విద్యాశాఖ పెట్టారు, 1872లో 'గకుసెయ్' అనే విద్యా శాసనం తెచ్చారు. ఊళ్లో చదువు లేని ఇల్లు ఉండకూడదు, ఇంట్లో చదువు లేని మనిషి ఉండకూడదు అని దాని పీఠికలో రాసుకున్నారు. నక్షా ఫ్రాన్సుది: 8 విశ్వవిద్యాలయ మండలాలు, 256 మాధ్యమిక మండలాలు, 53,760 ప్రాథమిక మండలాలు. పాఠం చెప్పే తీరు అమెరికాది. టోక్యోలో కొత్తగా పెట్టిన ఉపాధ్యాయ శిక్షణ బడికి మేరియన్ స్కాట్ అనే అమెరికన్‌ని పిలిపించారు, అతని దగ్గరే జపాన్ టీచర్లు నల్లబల్ల, గోడకు పటాలు, అందరూ ఒకే దిక్కుకు తిరిగి కూర్చోవడం, అందరూ ఒకేసారి ఒకే జవాబు చెప్పడం నేర్చుకున్నారు. పైన అనంతపురం మాస్టారికి చెప్పిన మాట ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. తెరకోయాలో ఉన్న అసలైన పాత గుణం, ఎవరి వేగం వాళ్లది అనేది, ఇక్కడే పోయింది. వరసల్లో కూర్చుని ఒకే గొంతుతో పలకడం జపాన్ వాళ్ల రక్తంలోనే ఉందని చాలామంది రాస్తుంటారు, అది వాళ్లకు వచ్చింది 1870ల్లో, ఓడెక్కి.

మరి డబ్బు? సర్కారు దగ్గర లేదు. ఫీజు నెలకు 50 సెన్లు (యెన్‌లో నూరోవంతు ఒక సెన్), లేనివాళ్లకు 25 సెన్లు అని శాసనంలో రాశారు, పల్లెల్లో అది మోయలేని బరువు. చేలో పనికొచ్చే పిల్లాడిని బడికి పంపాలి, పైగా డబ్బు కట్టాలి, దాంతోపాటే కొడుకుని సైన్యానికి ఇవ్వాలనే కొత్త చట్టం. 1873లో ఇప్పటి ఒకయామా ప్రాంతంలో రైతులు తిరగబడి బడులు ధ్వంసం చేశారు. అదే తిరుగుబాటులో, 1871 ఉత్తర్వుతో అంటరానితనం నుంచి బయటపడ్డ జనాల పల్లెల మీద కూడా పడి మనుషుల్ని చంపారు. ఈ మాట పరీక్షలో రాకపోవచ్చు, అయినా తెలుసుకోండి. ఆ ఏడాది బడికి వెళ్లిన పిల్లలు నూటికి 28 మంది, ఆడపిల్లలైతే 15 మంది.

అయితే ఇంకో పక్క జనమే ముందుకొచ్చి కట్టుకున్న బడులూ ఉన్నాయి, అవే నాకు ఎక్కువ ఇష్టం. రాజధాని టోక్యోకు తరలిపోయి క్యోటో దిగాలుపడి ఉన్న రోజుల్లో, శాసనం రాకముందే, 1869లో ఆ ఊరి పేటలవాళ్లు పొయ్యి వెలిగే ప్రతి ఇంటి నుంచీ చందా వేసుకుని 64 బడులు పెట్టుకున్నారు. బడి మీదే మంటలు కనిపెట్టే బురుజు, బడిలోనే పేట కచేరీ. మత్సుమోటోలో కైచీ బడి సంగతి మరీ బాగుంటుంది. మూసేసిన ఒక బౌద్ధ ఆలయంలో మొదలైన ఆ బడికి 1876లో కొత్త భవనం కట్టింది ఆ ఊరి వడ్రంగి తతెయిషి సెయ్‌జు. టోక్యో వెళ్లి పాశ్చాత్య భవనాలు చూసొచ్చి తన చేతి పనితో కట్టాడు: పైన ఎనిమిది పలకల బురుజు, ముఖద్వారం మీద బడి పేరున్న పలకను పట్టుకున్న రెక్కల పిల్లలు, వాళ్ల కింద చెక్కిన డ్రాగన్. ఖర్చులో సుమారు 70 శాతం ఊరివాళ్ల విరాళాలే. 1963 దాకా అందులో పాఠాలు జరిగాయి, 2019లో దాన్ని జాతీయ నిధిగా ప్రకటించారు.

హాజరు పెరిగింది మెల్లమెల్లగా. ఆడపిల్లలు తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ, ఊళ్లో కలిగినవాళ్ల పిల్లల్నీ ఎత్తుకోవడానికి ఇంట్లోనే ఉండిపోతుంటే, చంటిబిడ్డను వీపున కట్టుకునే వచ్చి చదువుకోవచ్చని వాళ్లకు విడిగా బడులు పెట్టారు. బిడ్డ ఏడిస్తే లేచి జోకొట్టి మళ్లీ కూర్చోవడమే. 1900లో ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేశారు, 1907లో నిర్బంధ విద్యను 6 ఏళ్లకు పెంచారు, ఆ మధ్యలోనే హాజరు 90 శాతం దాటింది. ఫీజు ఎత్తేశాక పిల్లలు నిండారని రాయండి, మార్కులు తప్పకుండా వస్తాయి.

ప్రశ్న: మావారి ఐటీ ఉద్యోగం వల్ల టోక్యోలో ఉంటున్నాం. మా పాపను వీధి చివర ప్రభుత్వ బడిలో వేశాం. క్లాసు మొదలయ్యే ముందు లేచి నిలబడి వంగి దండం, సంచీ ఇలాగే ఉండాలి, బూట్లు ఇలాగే పెట్టాలి అని రూల్సు. ఇదంతా సమురాయ్ సంప్రదాయమని పక్కింటావిడ చెప్పింది. బాగానే ఉంది కానీ పాప కొన్ని రోజులు వెళ్లనంటోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, టోక్యో

జవాబు: అమ్మా, పక్కింటావిడ చెప్పింది కొంత నిజం. వంగి నమస్కరించడం, గురువు ముందు ఒద్దిక, ఇవి కోట బడుల నుంచి వచ్చినవే. కానీ దేశంలో ప్రతి పిల్లకూ ఒకే మోస్తరుగా ఇవి నేర్పాలన్న పట్టుదల మాత్రం 1880ల సర్కారుది. 1886లో మోరి అరినోరి అనే విద్యామంత్రి బడి చట్టాలన్నీ తిరగరాసి, కాబోయే టీచర్ల శిక్షణ బడుల్లో సైనిక కవాతు పెట్టించాడు. మగపిల్లల నిలువు కాలరు నల్ల కోటు యూరప్ సైనిక దుస్తుల పోలిక. వీపున వేసుకునే గట్టి తోలు సంచీ కూడా సైనికుల సంచీ నుంచే వచ్చింది. 1890లో చక్రవర్తి పేరుతో విద్యా ప్రకటన ఒకటి వెలువడింది: తల్లిదండ్రుల మీద భక్తి, పెద్దల మాట, అవసరమైతే దేశం కోసం ప్రాణం. మాటలు కన్‌ఫ్యూషియస్ కాలం నాటివి, వాడిన తీరు మాత్రం కొత్తది. దాన్ని పండగరోజుల్లో హెడ్మాస్టరు తెల్ల చేతితొడుగులు వేసుకుని చదివితే పిల్లలు తల దించుకుని వినాలి. ఆ చదువు చదివిన పిల్లలే పెద్దయ్యి యుద్ధాలకు వెళ్లారు. ఓడిపోయాక 1947లో కొత్త విద్యా చట్టాలు, 6-3-3-4 ఏళ్ల (ప్రాథమిక, మాధ్యమిక, హైస్కూలు, విశ్వవిద్యాలయం) పద్ధతి వచ్చాయి, 1948లో పార్లమెంటు ఆ ప్రకటనను రద్దు చేసింది. కాగితం పోయింది, లేచి నిలబడటం మిగిలింది.

సంప్రదాయం అన్న మాట వినగానే దాని వయసు అడగాలని నేను అనేది ఇందుకే. పాత రెండు బడుల్లో మెయిజీవాళ్లు కోట బడి నుంచి విధేయత తీసుకుని దేశమంతటికీ పంచారు, పల్లె బడిలోని స్వేచ్ఛను వదిలేశారు. అలా ఏరి తీసుకున్నదాన్నే తర్వాతి తరాలు 'మా ప్రాచీన ఆచారం' అనుకున్నాయి.

ఇక మీ పాప సంగతి. మీరు ఒంటరి కారు, ఇది మొదట నమ్మండి. 2023 విద్యా సంవత్సరంలో ఏడాదికి 30 రోజులు, అంతకుమించి బడికి వెళ్లని ప్రాథమిక, మాధ్యమిక పిల్లలు 3,46,482 మంది అని అక్కడి విద్యాశాఖే లెక్క చెప్పింది. జుట్టు నల్లగానే ఉండాలి లాంటి రూల్సు మీద జపాన్ తల్లిదండ్రులే పోట్లాడారు, 2022 నుంచి టోక్యో ప్రభుత్వ హైస్కూళ్లలో అలాంటివి కొన్ని ఎత్తేశారు. కాబట్టి 'ఇక్కడి పద్ధతి ఇంతే, సర్దుకో' అని పాపతో అనకండి. క్లాసు టీచరుకు రోజూ వెళ్లే డైరీ పుస్తకం ఉంటుంది కదా, అందులో విషయం రాయండి, భాష రాకపోతే ఫోన్‌లో అనువాదం చేసి రాసినా పర్లేదు. బడికి వచ్చే కౌన్సిలర్‌తో మాట్లాడాలని అడగండి. పాపకు రూల్సు కష్టంగా ఉన్నాయా, భాషా, లేక ఎవరైనా ఏడిపిస్తున్నారా అన్నది ముందు మెల్లగా కనుక్కోండి, మూడింటికీ మూడు దారులు.

ప్రశ్న: జపాన్ మాతృభాషలో చదివే పైకొచ్చింది అంటారు. నిజాం ప్రభుత్వం కూడా జపాన్‌ని చూసే ఉర్దూ మీడియం పెట్టిందని మా నాన్న అనేవారు. రెండూ ఎంతవరకు నిజం? మా వాడిని ఏ మీడియంలో వేయాలో తేల్చుకోలేకపోతున్నా.
– చిన్న వ్యాపారి, హనుమకొండ

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం సరే. వరస మాత్రం తిరగబడింది. ఉర్దూ మీడియంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనే పెట్టారు. పాఠ్యపుస్తకాల కోసం అనువాద శాఖ కూడా పెట్టారు. ఆ తర్వాత 1922లో హైదరాబాద్ రాజ్య విద్యాశాఖ డైరెక్టర్ సయ్యద్ రాస్ మసూద్ జపాన్ వెళ్లి, అక్కడి చదువులన్నీ చూసొచ్చి, 1923లో నివేదిక అచ్చు వేయించాడు. ఆసియా దేశమొకటి సైన్సు కూడా సొంత భాషలో చెప్పుకుంటోంది అన్నది ఉస్మానియావాళ్లకు కొండంత అండ అయింది. అయితే ఒక చిక్కు. జపాన్‌లో బడి భాష పిల్లల ఇంటి భాషకు దగ్గరగానే ఉంది. హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగం మంది ఇంటి భాష తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడ. ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్లు తక్కువ. అంటే జపాన్ పాఠం సరిగ్గా చదివి, తప్పు భాషకు వర్తింపజేశారు.

జపాన్‌కు కూడా ఇది పళ్లెంలో పెట్టి వచ్చింది కాదు. పైన చెప్పిన మోరి అరినోరే 1870ల మొదట్లో, విద్యామంత్రి కాకముందు, జపాన్ చదువులకు ఇంగ్లిషే మేలన్నాడు. అతను సలహా అడిగితే అమెరికన్ భాషాశాస్త్రవేత్త విలియం విట్నీయే సొంత భాష వదలొద్దన్నాడు. పై చదువులు మొదట్లో పెద్ద జీతాలకు పిలిపించిన విదేశీయులు పరాయి భాషల్లోనే చెప్పారు. వాళ్ల దగ్గర చదివినవాళ్లు, యూరప్ వెళ్లొచ్చినవాళ్లు మాటలు కూర్చి, పుస్తకాలు రాసి, వాళ్ల కుర్చీల్లో కూర్చోవడానికి ఒక తరం పట్టింది. తెలుగులో కళాశాల పుస్తకాల కోసం తెలుగు అకాడమీ వచ్చింది 1968లో. మాతృభాష అని నినాదం ఇవ్వడం వేరు, ఒక తరం పాటు పుస్తకాలకూ టీచర్లకూ డబ్బు పెట్టడం వేరు.

మీ అబ్బాయి విషయం: బోర్డు మీద మీడియం చూసి తేల్చకండి. ఒకరోజు సెలవు పెట్టి మీరు అనుకుంటున్న బడులకు వెళ్లి, కుదిరితే రెండో తరగతి లెక్కల పీరియడ్ బయట నిలబడి వినండి. పిల్లాడు తప్పు చెప్పినప్పుడు టీచరు వాడికి అర్థమయ్యే తెలుగులో విడమరిచి చెబుతోందా, లేక ఇంగ్లిష్ వాక్యాన్నే ఇంకోసారి గట్టిగా చదివిస్తోందా చూడండి. విడమరిచి చెప్పే టీచరున్న బడిలో వేయండి, అయిదో తరగతి దాకా అది సర్కారు బడైనా పర్లేదు.